చక్రవర్తికి కల రూపంలో సలహా: బైజాంటైన్ రాజసభలో స్వప్నాల మాట ఎంతవరకు చెల్లింది?

పానగల్లు పాఠకురాలు (నల్గొండ)

అందరికీ నమస్కారం. నేను నల్గొండలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని ఏలిన జస్టీనియన్ చక్రవర్తి పాఠం దగ్గర వచ్చిన ఒక సందేహాన్ని ఇక్కడి పెద్దల ముందు పెడుతున్నాను.

క్రీ.శ. 533లో జస్టీనియన్ ఉత్తర ఆఫ్రికాలోని వాండల్ రాజ్యం మీదికి సైన్యాన్ని పంపాడు. ఆ యుద్ధం వద్దని ఖజానా భారం మోసే మంత్రి, కపదోకియాకు చెందిన జాన్, చక్రవర్తి ఎదుటే చెప్పాడనీ, ఆ మాట విని చక్రవర్తి వెనక్కి తగ్గాడనీ, ఆ తరువాత తూర్పు ప్రాంతం నుంచి వచ్చిన ఒక బిషప్పు తన కలలో దేవుడు పలికిన మాటను వినిపించగానే మళ్లీ యుద్ధానికి సిద్ధపడ్డాడనీ ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. ఇది పుక్కిటి పురాణం కాదు. ప్రొకోపియస్ ఆ దండయాత్రలో సేనాని బెలిసారియస్ వెంట స్వయంగా వెళ్లినవాడు.

ఇది విన్న పిల్లల్లో సగం మంది ఆ చక్రవర్తిని మూఢనమ్మకాల మనిషిగా కొట్టిపారేశారు. మిగిలిన సగం మంది యుద్ధం చేయాలని ఆయన ముందే నిశ్చయించుకుని కలను సాకుగా వాడుకున్నాడన్నారు. రెండు జవాబులూ నాకు తృప్తినివ్వలేదు. సభలో ఖర్చు, దూరం, కాలం లెక్కగట్టి చెప్పిన మంత్రి మాట కంటే పేరు కూడా నమోదు కాని ఒక మతాచార్యుడి కలకు ఎక్కువ బరువు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని ఉంది. కలలకు అర్థం చెప్పడానికి ఆ రాజసభలో ప్రత్యేకంగా మనుషులు గానీ, గ్రంథాలు గానీ ఉండేవా? చక్రవర్తికి నచ్చని కల చెప్పినవాడి గతి ఏమయ్యేది? ఈ సంగతులు తెలిసినవారు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. పాఠంలో ఈ ఘట్టాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఒక రాజ్యం ఎలా ఆలోచించేదో ఇలాంటి చోటనే కనబడుతుందని నా నమ్మకం.

పాలమూరు విశ్రాంత ఉపాధ్యాయుడు (మహబూబ్‌నగర్)

అమ్మా, మంచి ప్రశ్న వేశారు. ముందు ఆ సభలో ఎవరు ఏ స్థితిలో ఉన్నారో చూద్దాం, ఎందుకంటే కల ఎంత బలంగా తగిలిందన్నది అది ఏ సమయంలో వచ్చి పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

అంతకు అరవై అయిదేళ్ల ముందు, 468లో, లియో చక్రవర్తి ఇదే వాండల్స్ మీదికి బసిలిస్కస్ నాయకత్వంలో పెద్ద నౌకాదళాన్ని పంపి ఘోరంగా ఓడిపోయాడు. ఆ దండయాత్రకు 1,30,000 పౌండ్ల బంగారం ఖర్చయిందని ప్రొకోపియస్ చెబుతాడు. ఆ దెబ్బ సామ్రాజ్యం మరిచిపోలేదు. పైగా 532 జనవరిలో రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో నికా తిరుగుబాటు చెలరేగి నగరం తగలబడింది, జస్టీనియన్ సింహాసనమే ఊగిపోయింది. అదే ఏడాది పర్షియాతో సంధి కుదిరి తూర్పు సరిహద్దు నుంచి సైనికులు అప్పుడప్పుడే ఇళ్లకు చేరుతున్నారు. అటు ఆఫ్రికాలో చూస్తే, జస్టీనియన్‌కు మిత్రుడైన వాండల్ రాజు హిల్డెరిక్‌ను 530లో గెలిమర్ గద్దె దింపాడు. అంటే యుద్ధానికి కారణం చేతిలో ఉంది, యుద్ధమంటే భయం మాత్రం అందరి గుండెల్లోనూ ఉంది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలని ఖజానా అధికారులు, తెలియని సముద్రంలో ఎలా పోరాడాలని సేనానులు లోలోపల కుమిలిపోతున్నా నోరు విప్పే ధైర్యం ఒక్క జాన్‌కే కలిగిందని ప్రొకోపియస్ స్పష్టంగా రాశాడు.

జాన్ మాటలు చాలా పదునైనవి. భూమార్గంలో వాండల్ రాజధాని కార్తేజ్ చేరాలంటే 140 రోజులు పడుతుందనీ, సముద్రమార్గమైతే సముద్రం ఆ చివరిదాకా సాగాలనీ, అక్కడ ఏం జరిగిందో కబురు తెచ్చేవాడు ఏడాదికి గానీ మీ దగ్గరికి చేరడనీ చెప్పాడు. అంతటితో ఆగకుండా, ఒకవేళ గెలిచినా సిసిలీ, ఇటలీ పరాయివారి చేతుల్లో ఉన్నంతకాలం ఆఫ్రికాను నిలుపుకోలేరని హెచ్చరించాడు. చక్రవర్తి విన్నాడు, ఆగిపోయాడు.

అప్పుడు బిషప్పు వచ్చాడు. ఆయన కలలో దేవుడు చెప్పిన మాటలో 140 రోజుల ప్రస్తావన లేదు, బంగారం ప్రస్తావన లేదు. క్రైస్తవులను దుర్మార్గుల చెర నుంచి కాపాడతానని పూనుకున్నవాడు కారణం లేకుండా ఎందుకు జంకాడో వెళ్లి అడుగు, నేను అతని పక్షాన నిలిచి యుద్ధం చేస్తాను, అతన్ని ఆఫ్రికాకు ప్రభువును చేస్తాను, అన్నదే ఆ సందేశ సారాంశం. జాన్ వేసిన లెక్కల్లో ఒక్కదానికీ ఇందులో సమాధానం లేదు. కానీ అసలు ప్రశ్నే మారిపోయింది. జాన్ అడిగింది ‘ఇది మన వల్ల అవుతుందా’ అని. కలలో దేవుడు అడిగింది ‘నీవు భయపడ్డావా’ అని.

చక్రవర్తిని పట్టుకుని ‘నీవు భయపడ్డావు’ అని అనగలిగిన మనిషి ఆ సభలో లేడు. అన్నవాడు తల నిలుపుకోలేడు. దేవుడు మందలించి రమ్మన్నాడని ఒక బిషప్పు చెబితే మాత్రం అది దూషణ కాదు, సేవకుడు మోసుకొచ్చిన కబురు మాత్రమే. మీ విద్యార్థులు చెప్పిన మూఢనమ్మకం, సాకు అనే రెండింటి నడుమ అసలు విషయం ఇక్కడ ఉందని నా అభిప్రాయం: సొంత నోటితో చెప్పలేని సలహాను చక్రవర్తి చెవిన వేయడానికి ఆ సమాజం అంగీకరించిన మార్గం కల. జస్టీనియన్ దానిని మనస్ఫూర్తిగా నమ్మి ఉండవచ్చు, లోపల యుద్ధం కోరుకుంటూనూ ఉండవచ్చు. నమ్మేవాడికి ఆ రెండూ కలిసే నడుస్తాయి.

ఇంకొక సంగతి కూడా మీ పాఠానికి పనికివస్తుంది. 10,000 మంది కాల్బలం, 5,000 మంది గుర్రపు దళం, 500 ఓడలు, వాటికి కాపుగా 92 యుద్ధనౌకలు బయలుదేరుతున్న వేళ తాను కూడా మొదట వణికిపోయాననీ, ఒక కల చూశాకనే ధైర్యం వచ్చిందనీ ప్రొకోపియస్ స్వయంగా రాసుకున్నాడు. ఆ కలలో ఆయన బెలిసారియస్ ఇంట్లో ఉన్నాడు. ఎవరో కానుకలు తెచ్చారని నౌకరు వచ్చి చెప్పాడు. చూస్తే కొందరు మనుషులు పూలతో సహా మట్టిని భుజాల మీద మోసుకొచ్చి నిలబడ్డారు. బెలిసారియస్ దాన్ని వసారాలో దించమని, తన అంగరక్షకులతో కలిసి ఆ మట్టి మీద ఒరిగి ఆ పూలు తిన్నాడు, తక్కినవారినీ తినమన్నాడు. పరాయి భూమి, దాని ఫలాలతో సహా, ఇంటికి నడిచివచ్చిందన్నమాట. దీనికి శాస్త్రి అవసరం లేదు, ఏ రైతుబిడ్డకైనా అర్థమవుతుంది.

మిర్యాలగూడ ఉర్దూ చదువరి

సార్, మేడమ్, ఇద్దరికీ ఆదాబ్. మేడమ్ అడిగిన రెండో ప్రశ్నకు, అంటే కలల గ్రంథాల గురించి, నాకు తెలిసింది చెబుతాను. మా ఇంట్లో తాతల నాటి ఖ్వాబ్‌నామా, అంటే కలల పుస్తకం, ఒకటి ఉండేది. ఉదయం ఎవరైనా కల చెబితే పెద్దవాళ్లు వెంటనే అర్థం చెప్పేవారు కాదు. ఎవరు చూశారు, ఏ వేళ చూశారు, ఏ ఋతువులో చూశారు అని అడిగి, ఆ తరువాతనే తాబీర్, అంటే కల ఫలం, చెప్పేవారు. ఈ పద్ధతికి బైజాంటైన్ రాజసభతో దగ్గరి సంబంధం ఉందని తెలిసినప్పుడు నేను ఎంతో సంతోషించాను.

రెండో శతాబ్దంలో ఆర్టెమిడోరస్ అనే గ్రీకు పండితుడు అయిదు భాగాలుగా ఒక స్వప్నశాస్త్రం రాశాడు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ దానిని అరబ్బీలోకి అనువదించాడు. అరబ్బుల్లో అప్పటికే 728లో మరణించిన ఇబ్న్ సీరీన్ పేరు మీద పెద్ద స్వప్న సంప్రదాయం నడుస్తోంది. ఇవన్నీ కలిసి పెరిగి, దాదాపు పదో శతాబ్దంలో తిరిగి గ్రీకులోకే వచ్చాయి. ఆ గ్రీకు గ్రంథానికి కర్త సేరీము కొడుకు (అంటే ఇబ్న్ సీరీన్ పేరుకు గ్రీకు రూపం) అఖ్మెత్ అని ఉంటుంది. ఖలీఫా మామూన్ దగ్గర కలలకు అర్థం చెప్పేవాడినని ఆ కర్త చెప్పుకుంటాడు. మామూన్ ఏలింది 813 నుంచి 833 వరకు కాబట్టి ఆయన నిజమైన ఇబ్న్ సీరీన్ అయ్యే అవకాశం లేదు. రాసినవాడు ఒక గ్రీకు క్రైస్తవుడని గ్రంథం లోపలి మాటలే చెబుతాయి.

మన దేశానికి ఇందులో ఒక ముచ్చటైన స్థానం ఉంది. ఆ గ్రంథంలోని ఫలాలు ముగ్గురు ఆస్థాన పండితుల నుంచి తీసుకున్నవని చెబుతారు. ఒకరు భారతీయుల రాజుకు, ఒకరు పర్షియా రాజుకు, ఇంకొకరు ఈజిప్టు ఫరోకు కలలు విప్పి చెప్పినవారట. భారతీయుల పేరు మీద ఉన్న అధ్యాయాలు తెరిస్తే పునరుత్థానం, స్వర్గం, దేవదూతలు వంటి క్రైస్తవ విషయాలే కనబడతాయి. దూరదేశపు రాజు కొలువులో పుట్టిన విద్య అంటే గౌరవం పెరుగుతుందని ఆ పేరు తగిలించారు. ముగ్గురూ రాజుల కొలువుల్లోనివారే కావడం గమనించండి. స్వప్నఫలం చెప్పడం రాజసేవలో ఒక భాగమన్న భావన ఆ ముందుమాటలోనే ఉంది.

లోపలి నిర్మాణం మరీ ఆసక్తికరం. ఒకే కలకు రాజు చూస్తే ఒక ఫలం, సామాన్యుడు చూస్తే ఒకటి, పేదవాడు చూస్తే ఒకటి, స్త్రీ చూస్తే ఒకటి అని విడివిడిగా రాసి ఉంటుంది. రాజు కల రాజ్యానికి సంబంధించినదన్నది అక్కడ మూలసూత్రం. ఇబ్న్ సీరీన్ గురించి మా పెద్దలు చెప్పే కథ ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఇద్దరు మనుషులు వేర్వేరుగా వచ్చి తాము అజాన్ ఇస్తున్నట్లు కలగన్నామని చెప్పారట. ఒకనితో నీవు హజ్‌కు వెళ్తావన్నాడు, రెండోవాడితో నీవు దొంగతనంలో పట్టుబడతావన్నాడు. అడిగితే, మొదటివాడి ముఖంలో మంచితనం కనిపించిందనీ, రెండోవాడి ముఖంలో కనిపించలేదనీ జవాబిచ్చాడట. అంటే విప్పి చెప్పేవాడు కల కంటే ముందు మనిషిని చదవాలి. రాజును చదవగలిగినవాడు మంత్రి కాక మరెవరు?

ఈ గ్రంథాలు అటక మీద పడి ఉన్నవి కావని చెప్పడానికి గట్టి ఆధారం ఉంది. ఏడో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి, పదో శతాబ్దంలో, తన కొడుకు రోమనస్ కోసం సిద్ధం చేయించిన దండయాత్రల నియమావళిలో చక్రవర్తి వెంట తీసుకుపోవలసిన పుస్తకాల జాబితా ఉంది. ప్రార్థన గ్రంథాలు, యుద్ధతంత్ర గ్రంథాలు, కోటలు పడగొట్టే యంత్రాల గ్రంథాలు, చరిత్రలు, వాటి పక్కనే ఒక స్వప్నశాస్త్రం, ఎదురుగా వచ్చినవాటిని బట్టి శకునం చూసే పుస్తకం, ఉరుముల ఫలం చెప్పే పుస్తకం, భూకంపాల ఫలం చెప్పే పుస్తకం. యుద్ధశిబిరంలో ఒక రాత్రి చక్రవర్తికి చెడ్డ కల వచ్చిందని పదిమందికీ తెలిస్తే తెల్లారేసరికి గుడారాల మధ్య ఆ మాట పాకిపోతుంది. అప్పుడు దానికి తగిన అర్థం చెప్పడానికి చేతిలో పుస్తకం ఉండాలి. మందుల పెట్టె లాగా అది కూడా సామానులో ఒక భాగం. 1176లో, మాన్యుయేల్ చక్రవర్తి కాలంలో, అఖ్మెత్ గ్రంథాన్ని ఆ కొలువులోనే దుబాసీగా పనిచేసిన లియో టస్కస్ లాటిన్‌లోకి అనువదించాడు. ఆ విధంగా అది పడమటి రాజ్యాలకూ చేరింది.

సూర్యాపేట న్యాయవాది

పై ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. కల అంటే సలహా చెప్పే మార్గమన్న పాలమూరు సార్ మాట బిషప్పు విషయంలో నిజమే. అయితే చాలా కలలు సలహాలుగా పుట్టినవి కావనీ, పని జరిగిపోయాక చరిత్రకారులు అతికించినవనీ విద్యార్థులకు తప్పక చెప్పాలని నేను కోరుతున్నాను. సాక్ష్యాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరి ప్రయోజనం కోసం నమోదు చేశారన్నది చూడకుండా నమ్మకూడదు.

మారిస్ చక్రవర్తి సంగతి తీసుకోండి. అవారులనే శత్రుజాతి చేతిలో చిక్కిన బందీలను డబ్బిచ్చి విడిపించడానికి ఆయన ఒప్పుకోలేదు, వాళ్లను చంపేశారు. 602లో చలికాలమంతా డాన్యూబ్ నది ఆవలే ఉండమని సైన్యాన్ని ఆదేశించాడు. సైనికులు తిరగబడి ఫోకస్ అనే చిన్న అధికారిని నాయకుడిగా ఎత్తుకున్నారు. అదే ఏడాది నవంబరులో మారిస్ కళ్లెదుటే ఆయన కొడుకులను నరికి, ఆపైన ఆయననూ నరికారు. ఈ సందర్భంలో చరిత్రకారుడు థియోఫనీస్ ఒక కల చెబుతాడు. తన పాపానికి శిక్ష పరలోకంలో కాక ఇక్కడే పడాలని ప్రార్థించమంటూ మారిస్ మఠాలన్నింటికీ లేఖలు పంపాడట. ఆ తరువాత కలలో క్రీస్తు రూపం ముందు నిలబడితే, నీకు ప్రతిఫలం ఇక్కడ ఇవ్వనా, రాబోయే లోకంలో ఇవ్వనా అన్న ప్రశ్న వచ్చిందట. ఇక్కడే అని మారిస్ జవాబిచ్చాడు. వెంటనే అతన్నీ అతని కుటుంబాన్నీ సైనికుడు ఫోకస్‌కు అప్పగించమన్న ఆజ్ఞ వినిపించింది. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ థియోఫనీస్ రాసింది తొమ్మిదో శతాబ్దం మొదట్లో, అంటే రెండు వందల ఏళ్ల తరువాత. అది మారిస్‌కు అందిన సలహా కాదు. ఒక చక్రవర్తి పతనాన్ని పశ్చాత్తాపంతో ముగించి, చదివే తరువాతి చక్రవర్తులకు ఇచ్చిన హెచ్చరిక.

మొదటి బాసిల్ కథ ఇంకా స్పష్టం. తనను పైకి తెచ్చిన మూడో మైకేల్‌ను 867లో హత్య చేయించి గద్దెనెక్కినవాడాయన. ఆయన జీవితచరిత్రలో, బాసిల్ తల్లికి తన నుంచి బంగారు చెట్టు మొలిచి పెరిగినట్లు కల వచ్చిందని, యువకుడిగా రాజధానికి వచ్చి ఆకలితో గుమ్మం దగ్గర పడుకుంటే గుడి పెద్దకు కలలో ‘లేచి రాజుకు తలుపు తెరువు’ అని ఆజ్ఞ వినిపించిందని ఉంటుంది. ఆ చరిత్ర రాయించింది ఎవరో కాదు, మిర్యాలగూడ సోదరుడు పేర్కొన్న ఏడో కాన్‌స్టాంటైనే. బాసిల్ ఆయనకు తాత. హంతకుడి మనవడిగా కాక దేవుడు ముందే ఎంచుకున్న వంశం వాడిగా కనబడాలంటే తాత జీవితం నిండా కలలు ఉండాల్సిందే.

ఇక మేడమ్ మూడో ప్రశ్న, నచ్చని కల చెప్పినవాడి గతి. దీనికి భయంకరమైన జవాబు నాలుగో శతాబ్దంలో ఉంది. కాన్‌స్టాంటినోపుల్ నిర్మించిన కాన్‌స్టాంటైన్ కొడుకు, రెండో కాన్‌స్టాంటియస్ కొలువులో మెర్క్యూరియస్ అనే పర్షియా మనిషి ఉండేవాడు. భోజనశాలలో పనివాడిగా మొదలై ఆర్థికాధికారి అయ్యాడు. విందుల్లో దూరి, స్నేహితులు ఒకరికొకరు చెప్పుకునే కలలు చెవులారా విని, వాటికి వంకర అర్థాలు కల్పించి చక్రవర్తికి చేరవేసేవాడని ఆ కాలపు చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్ రాశాడు. కలలకు అధికారి అని జనం అతనికి పేరు పెట్టారు. చివరికి పరాయివాళ్ల ఎదుట తాము నిద్రపోయామని ఒప్పుకోవడానికి కూడా జనం జంకేవారట. కలలే రావని చెప్పుకునే అట్లాస్ పర్వత ప్రాంతంలో పుట్టనందుకు కొందరు పండితులు విచారించారట. రాజ్యం నాకు దక్కుతుందని ఎవరికైనా కల వచ్చిందంటే అది కొత్త రాజును కోరుకోవడమే, అంటే రాజద్రోహమే. రాజసభలో సలహా అయినది విందుబల్ల దగ్గర నేరమైంది.

పానగల్లు పాఠకురాలు (నల్గొండ)

ముగ్గురికీ కృతజ్ఞతలు. న్యాయవాది గారి హెచ్చరిక నాకు చాలా విలువైనది. కలను నమోదు చేసిన సంవత్సరాన్ని, కల జరిగిందన్న సంవత్సరాన్ని పక్కపక్కన రాసి చూపిస్తాను.

ఒక్క చిక్కు మిగిలింది. కాన్‌స్టాంటియస్ కాలంలో కల చెప్పడం ప్రాణాంతకమైతే, జస్టీనియన్ ఎదుట ‘నీవు జంకావు’ అన్న కల చెప్పిన బిషప్పుకు ఏ కీడూ ఎందుకు కలగలేదు? కల కన్న మనిషి మతాచార్యుడు కావడమే చాలిందా?

కొల్లాపూర్ కృష్ణాతీరం

మేడమ్ గారికి నమస్కారం. నేను చరిత్ర చదివినవాడిని కాను, వ్యవసాయం చేస్తాను. మీ ఈ ప్రశ్నకు మా ఊరి అనుభవంతో జవాబు చెప్పాలనిపించింది.

మా చెరువు తూము పాడై ఆయకట్టు చివరి మళ్లకు నీళ్లందని కాలంలో రైతులందరం పెద్దమనుషుల దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాం. పట్టించుకోలేదు. ఆ బోనాలకు ఒక పెద్దమ్మకు శిగమొచ్చింది. పసుపు ముఖం, చేతిలో వేపమండలు, ఊగుతూ ఊగుతూ నేరుగా పెద్దమనిషి ముందుకు వచ్చి ‘నా చెరువు ఎండబెట్టి నాకు బోనం పెడుతవా బిడ్డా’ అని నిలదీసింది. ఊరంతా చూస్తోంది. ఆయన చేతులు జోడించి, తప్పయింది తల్లీ, తూము బాగుచేయిస్తానన్నాడు. చేయించాడు కూడా. మామూలు రోజుల్లో ఆ పెద్దమ్మ ఆయన ఎదుట కూర్చోవడానికి కూడా సందేహించేది. ఆమె నటించిందని నేను అనను, అలా అనే హక్కు నాకు లేదు. ఆమె కడుపులో ఉన్న బాధే అమ్మవారి నోట వచ్చిందని మాత్రం నమ్ముతాను.

దీన్ని బట్టి నాకు తోచినది చెబుతాను. శిగంలో ఆమె నాకు పెత్తనం కావాలని అడగలేదు. నీ పెత్తనం నీదే, దాని పని నీవు చెయ్యి అంది. పెద్దమనిషికి గౌరవం పోలేదు, తల్లి మాట విన్నాడన్న పేరు కూడా వచ్చింది. మీ బిషప్పు కలలోనూ చక్రవర్తే విజేత, చక్రవర్తే ఆఫ్రికాకు ప్రభువు. దేవుడు అతని పక్షాననే నిలబడతానన్నాడు. మెర్క్యూరియస్ పట్టించిన కలల్లో మరొకడు రాజయ్యే సూచన వెతికారు. ఒకటి గద్దెను నిలబెట్టేది, రెండోది గద్దెను కదిలించేది. మందలింపు ఎంత కటువుగా ఉన్నా, గద్దె ఎవరిదన్న దాని మీదికి పోకుంటే చెప్పినవాడు బతికి బట్టకడతాడు.

మిర్యాలగూడ ఉర్దూ చదువరి

కృష్ణాతీరం అన్న మాటకు ఒక చారిత్రక సాక్ష్యం జోడిస్తాను. ఉత్తర ఆఫ్రికాలోని సైరీన్ నగరానికి చెందిన సినేసియస్ అయిదో శతాబ్దం మొదట్లో కలల మీద ఒక చిన్న గ్రంథం రాశాడు. అంతకు ముందు ఆయన తన నగరానికి పన్నుల భారం తగ్గించమని అడగడానికి ఆర్కేడియస్ చక్రవర్తి దగ్గరికి రాయబారిగా వెళ్లి మూడేళ్లు కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్నాడు. ఆ రోజుల్లో తన మీద జరిగిన కుట్రల నుంచి కలలే తనను కాపాడాయనీ, చక్రవర్తి ఎదుట అంతకు ముందు ఏ గ్రీకువాడూ మాట్లాడనంత ధైర్యంగా మాట్లాడే శక్తిని అవే ఇచ్చాయనీ ఆ గ్రంథంలో చెప్పుకున్నాడు. ఇక్కడ కలను చక్రవర్తికి వినిపించనే లేదు. కల సలహాదారుకు ధైర్యమిచ్చింది, సలహా మాత్రం ఆయన సొంత నోటితో చెప్పాడు. ప్రజలు కలలు కనకుండా ఏ నిరంకుశుడూ నిషేధించలేడనీ, అలా చేయాలంటే తన రాజ్యం నుంచి నిద్రనే వెళ్లగొట్టాలనీ ఆయన అన్న మాట మీ విద్యార్థులకు మెర్క్యూరియస్ కథ పక్కనే చెప్పండి.

పాలమూరు విశ్రాంత ఉపాధ్యాయుడు (మహబూబ్‌నగర్)

న్యాయవాది గారు చెప్పిన కాలం తేడా విషయంలో ఒక్క మాట. అతికించిన కలలు చాలా ఉన్నాయన్నది నిజం. అయినా అవి కూడా అప్పటి పాలకులు ఎలా ఆలోచించాలని జనం ఆశించారో చెబుతాయి. 1083లో లరిస్సా దగ్గర నార్మన్ సేనాని బోహెమండ్‌తో పోరుకు ముందు అలెక్సియస్ చక్రవర్తికి వచ్చిన కలను ఆయన కూతురు అన్నా కొమ్నీనీ రాసింది. సెయింట్ డిమిత్రియస్ గుడిలో నిలబడినట్లు, ‘దుఃఖించకు, రేపు నీవు గెలుస్తావు’ అన్న గొంతు వినబడినట్లు కల. ఎలా గెలవాలో ఆ గొంతు చెప్పలేదు. తన రాజచిహ్నాలను బంధువులకు ఇచ్చి, శత్రువు వాళ్లనే చక్రవర్తి అనుకుని తరుముకుపోయేలా చేసి, తాను పొంచి ఉండి శిబిరం మీద పడాలన్న ఎత్తు అలెక్సియస్ సొంతం. ఆ కూతురు దృష్టిలో మంచి పాలకుడికి కల ధైర్యాన్నిస్తుంది, ఉపాయం మాత్రం తనే పన్నుకోవాలి. మన భారతంలో కర్ణుడు పాండవులు వేయిస్తంభాల మేడ ఎక్కినట్లు తాను కన్న కలను కృష్ణుడికే చెప్పి, దాని అర్థం పూర్తిగా తెలిసీ కౌరవుల పక్షాన యుద్ధానికి వెళ్లడం మీ పిల్లలకు తెలిసిన ఉదాహరణ. దానితో పోల్చి చూడమనండి.

జస్టీనియన్ పాఠం మాత్రం కార్తేజ్ విజయంతో ఆపవద్దమ్మా. 533 సెప్టెంబరులో బెలిసారియస్ నగరంలో అడుగుపెట్టిన మాట నిజమే, బిషప్పు కల ఫలించినట్లే కనబడింది. కానీ ఆ వెంటనే పన్నుల అధికారులు దిగారు, 536లో అక్కడి సైన్యమే తిరగబడింది, మూరులనే స్థానిక తెగలతో పోరు 548 దాకా సాగింది. కలను అంత భక్తిగా నమోదు చేసిన ప్రొకోపియసే తన రహస్య చరిత్రలో, ఆఫ్రికాలో ఎంత దూరం నడిచినా ఒక మనిషి ఎదురుపడడం గొప్ప సంగతి అయిపోయిందని రాశాడు. గెలిచినా నిలుపుకోలేరన్న జాన్ ప్రసంగాన్ని, బిషప్పు కలను, ఈ చివరి వాక్యాన్ని మూడింటినీ ఒకే కాగితం మీద అచ్చువేసి పిల్లల చేతికివ్వండి. మూడూ ఒకే రచయిత కలం నుంచి వచ్చినవని చివర్లో చెప్పండి. కావాలంటే తెలుగు చేసి పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.